వృద్ధుల దంతరక్షణము – గృహస్థుల కర్తవ్యము

(మహాసభ రెండవనాటి ప్రాతఃకాల సమావేశమునందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యానిధిని గుఱించియు, విద్యార్థి వసతిగృహమును గుఱించియు, వివాహవ్యయముల తగ్గింపును గుఱించియు సమర్థులైన వక్తలు ప్రసంగించియున్నారు. అట్టి గంభీరవిషయముల నడుమ మేము నోటిలోని పండ్లను గుఱించి మాటలాడుటకు లేచి నిలుచుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కార్యదర్శిగారు మమ్ము శాస్త్రవిషయ మేదైన చెప్పుమని కోరిరి. ముప్పదియైదేండ్లు పిల్లలచేత శబ్దములను, ధాతువులను వల్లె వేయించినవారము గావున వారు మానుండి వ్యాకరణమునో, అలంకారమునో ఆశించియుందురు. మేము మాత్రము మా యింట జరిగిన యొక సంగతిని ముందుగా విన్నవించి, దానినుండి నేర్చుకొన్న పాఠమును మీ యెదుట నుంచ దలచితిమి. వయస్సు చెల్లి, కాలు కదలక, ఇంటి నాలుగుగోడల నడుమ కాలము గడుపుచున్న మన తల్లిదండ్రుల నోటి యారోగ్యమే నేటి మా విషయము.

2017వ సంవత్సరమున మా తల్లిగారు 86వ యేట నుండిరి. తుంటియెముక విఱిగి శస్త్రచికిత్స జరిగిన పిదప మంచము, కుర్చీ, వసారా ఈ మూడే వారి లోకమైనవి. జ్ఞాపకశక్తి కొంత సన్నగిల్లినను మనుష్యులను గుర్తించెడివారు. తిథివారములు మాకంటె బాగుగా చెప్పెడివారు. ఆ యేటి వేసవి మొదలుకొని వారి యాహారము తగ్గుచు వచ్చెను. మొదట అప్పడమును, వడియమును వలదనిరి. పిదప కూరముక్కలను ప్రక్కకు త్రోసిరి. అన్నము మెత్తగా పిసికి పెరుగు కలిపి పెట్టినను నాలుగు ముద్దలు తిని చాలుననిరి. కార్తికమాసము నాటికి జావయు, పాలును తప్ప మఱేమియు పుచ్చుకొనరైరి. శరీరము కృశించెను. చేతి గాజులు మోచేతివఱకు జాఱిపోవుచుండెను.

వారు ఏమియు చెప్పలేదు; మేమును అడుగలేదు. చూడవచ్చిన చుట్టములు "పెద్దతనము, ఇక అంతే" అనిరి. ఒకరు "ఆమెకు వైరాగ్యము కుదిరినది" అనిరి. సంస్కృతము చదివినవారము గావున ఈ రెండవ మాట మాకు మిక్కిలి రుచించెను. ఆహారమును క్రమముగా విడిచి దేహమును చాలించిన మహానుభావుల కథలు మాకు జ్ఞాపకమునకు వచ్చెను. ఒక వైద్యుడు రక్తము పరీక్ష చేయించి, బలమునకు ద్రవరూపమైన మందొకటి వ్రాసియిచ్చెను. అది నోట పోసినంతనే తల్లిగారు మా చేతిని విసరికొట్టిరి. మేము దానిని మొండితన మనుకొంటిమి.

సంక్రాంతికి మా పూర్వశిష్యు డొకడు మమ్ము చూడవచ్చెను. మాయొద్ద శబ్దమంజరి చదివి, పిదప దంతవైద్యము నేర్చి, పట్టణమున వైద్యము చేయుచున్నవాడు. తల్లిగారికి నమస్కరించి కుశలమడిగి, వారు మాటలాడునప్పుడు చేయి దవడకు పోవుట గమనించెను. చేతులు కడుగుకొని, సెల్‌ఫోను దీపము వెలిగించి, "మామ్మగారూ, ఒక్కసారి నోరు తెరవండి" అనెను. రెండు నిమిషములు చూచెను. పిమ్మట మావైపు తిరిగి మెల్లగా, "మాష్టారూ! మామ్మగారి నోట్లోకి ఎవరైనా చూసి ఎన్నాళ్లయిందండీ?" అని యడిగెను.

మేము నిరుత్తరులమైతిమి. తల్లిగారి కాళ్లు పట్టితిమి. మందులు వేళకు లెక్కబెట్టి యిచ్చితిమి. రక్తపుపోటు చూచి కాగితముపై వ్రాసితిమి. మడిబట్ట ఉతికి ఆఱవేయించితిమి. దినమునకు మూడుమాఱు లన్నము పెట్టిన యా నోటిలోనికి మాత్రము మాలో నొక్కరును చూచియుండలేదు.

అతడు చూచిన దేమనగా: పై దవడకు పెట్టిన కట్టుడుపండ్లు కొన్ని వారములుగా తీయబడలేదు. దాని క్రింద అంగిలి యంతయు ఎఱ్ఱబడి, తెల్లని బూజువంటి పొర పట్టియుండెను. క్రింది దవడయందు పుచ్చిన పన్నొకటి చిగురువఱకు విఱిగి, దాని మొన నాలుక ప్రక్కను ఒఱయుచుండెను. అచ్చట కందిగింజంత పుండు. ఆ పుండుతోడనే మా తల్లిగారు ఎన్ని నెలలు ముద్ద మ్రింగుటకు ప్రయత్నించిరో మే మెఱుగము. మేము వైరాగ్య మనుకొన్నది పంటిమొన.

మఱునాడు శిష్యుడు చిన్నసంచితో వచ్చి ఆ మొనను ఆకురాయితో నునుపు చేసెను, బూజునకు మందిచ్చెను, కట్టుడుపండ్లను శుభ్రముచేసి, రాత్రులు తీసియుంచవలెనని చెప్పెను. రెండు వారములలో పుండు మానెను. మానకున్నచో దానిని కోసి పరీక్షింపవలసియుండెడిదని అతడు మాతో తరువాత చెప్పెను. రక్తము పలుచనగుటకు మందు వాడుచున్నందున హృద్రోగ వైద్యునితో సంప్రదించి, పిదపనే ఆ పంటివేరును తీసివేసెను. ఉగాదినాడు తల్లిగారు పచ్చడిలోని మామిడిముక్కను చిగుళ్లతో నమలి, "పులుపు చాలలేదు" అనిరి. ఆ మాట వినిన మా గృహిణి వంటయింటిలోనికి పోయి కన్నులు తుడుచుకొనెను. 2020వ సంవత్సరమున పరమపదించువఱకు వారు అన్నము తినిరి.

ఇంతకాలము ఏల చెప్పలేదని మేము వారి నొకనాడు అడిగితిమి. "పోయే ప్రాణానికి పళ్లబాధేమిటిరా? నిన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పడమెందుకని ఊరుకున్నాను" అనిరి. మహాశయులారా! ఈ మాటను ఈ సభయందలి ప్రతిగృహస్థుడును తన యింటి పెద్దల నోట నుండి వచ్చినదిగా వినవలెనని మా ప్రార్థన. పెద్దలు చెప్పరు. కావున మనమే చూడవలెను. మా యుపన్యాసమంతయు ఈ యొక్క వాక్యమునకు వ్యాఖ్యానమే.

పూర్వము మన యూళ్లలో ఏబది యేండ్లు దాటినవారిలో అనేకులు బోసినోటితో నుండెడివారు. తాంబూలము దంచుకొనుటకు చిన్నరోలు లేని యిల్లు లేకుండెను. పండ్లున్నవారికి శనగలు లేవు, శనగలున్నవారికి పండ్లు లేవని సామెత. నేటి వృద్ధుల స్థితి వేఱు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము దేశమున అఱువదేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షలు. వీరిలో అనేకులకు కొన్ని సొంతపండ్లును, కొన్ని కట్టినవియు, కొన్ని తొడుగులు వేసినవియు కలవు. ఇన్ని విధములైన పండ్లుగల నోరు బోసినోటికంటె ఎక్కువ సంరక్షణమును కోరును. శక్తి తగ్గుకొలది సంరక్షణ పెరుగవలసియుండగా తగ్గుచున్నది. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

వార్ధక్యమున దంతములు చెడుటకు ప్రత్యేక కారణములు కలవు. చిగుళ్లు క్రిందికి జాఱి పంటివేళ్లు బయటపడును. పంటి పైభాగమునకు గల గట్టి పింగాణి పొర వేళ్లకు లేదు. అందుచే అవి త్వరగా పుచ్చును. రెండవది లాలాజలము తగ్గుట. రక్తపుపోటునకును, మనోవ్యాధులకును, ఎలర్జీకిని, మూత్రవ్యాధులకును ఇచ్చు మందులలో పెక్కింటికి నోరెండించు గుణము కలదు. లాలాజలము పంటికి కవచము వంటిది. అది తగ్గినచో పాచి నిలుచును, పుచ్చు పెరుగును, కట్టుడుపండ్లు ఒఱసికొని పుండ్లు పడును. మూడవది చేతి యశక్తి. కీళ్లవాతము పట్టిన వ్రేళ్లును, పక్షవాతమున పడిపోయిన చేయియు, వణకెడి చేయియు పండ్లు తోముకొనజాలవు. నాలుగవది మఱపు. తోముకొంటిని అని యనుకొని తోముకొనకుండుట యందు వృద్ధుల దోషమేమియు లేదు. అయిదవది మనము ప్రేమతో చేయు అపచారము: నీరసమని మాటిమాటికి చక్కెర వేసిన పాలు, బెల్లపుజావ, మెత్తని బిస్కత్తులు ఇచ్చి, పిమ్మట నోరు కడుగకుండుట.

దీని ఫలము నోటితో నిలువదు. నమలలేనివారు పప్పును, కూరగాయలను విడిచి గంజికి దిగుదురు, కండ క్షీణించును, కండ క్షీణించినవారు పడుదురు. మధుమేహమునకును చిగుళ్లవ్యాధికిని పరస్పరసంబంధ ముండుటచే ఒకటి ముదిరిన రెండవది లొంగదు. అన్నిటికంటె భయంకరమైనది ఊపిరితిత్తుల జ్వరము. మ్రింగుశక్తి తగ్గిన వృద్ధులు నిద్రలో తమ యుమ్మిని తామే పొరపాటున ఊపిరితిత్తులలోనికి పీల్చుకొందురు. ఆ యుమ్మి మలినమైనచో, దానితోడ సూక్ష్మజీవులును లోనికి పోవును. "నిన్నటివఱకు బాగుగానే యుండిరి, రాత్రి ఆయాసము వచ్చినది" అని మనము వినుచుండు మరణములలో కొన్నింటి మూలము నోటియందున్నదని వైద్యులు చెప్పుదురు.

ఈ విషయమును జపానుదేశీయులు శ్రద్ధతో పరిశోధించిరి. ఆ దేశము వృద్ధులు మిక్కుటముగా గలదగుటచే వారి యనుభవము మనకు ముందుదారి చూపును. పదునొకండు వృద్ధాశ్రమములలో కొందఱు వృద్ధులకు పరిచారకులే ప్రతిభోజనానంతరము నోరు శుభ్రము చేయునట్లును, మిగిలినవారిని యథాప్రకారముగను ఉంచి రెండేండ్లు గమనించిరి. యథాప్రకారముగ నున్నవారిలో నూటికి 19 మందికిని, నోరు శుభ్రము చేయబడినవారిలో నూటికి 11 మందికిని ఊపిరితిత్తుల జ్వరము వచ్చెను. ఈ ఫలితము 1999వ సంవత్సరమున లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రకటితమైనది. ఇది ఆశ్రమవాసుల మాట. ఇండ్లలో నివసించు వృద్ధుల మాటయు వారే చెప్పిరి. టోక్యో నగరమున 85 ఏండ్లు దాటిన 524 మందిని గమనింపగా, రాత్రి కట్టుడుపండ్లతోనే నిద్రించువారికి ఈ జ్వరము సోకు ప్రమాదము ఇతరులకంటె రెండింతలకు పైగా నున్నట్లు 2015లో ప్రకటించిరి. ఎనుబదవ యేట ఇరువది సొంతపండ్లు నిలుపుకొనవలెనను ఉద్యమమును ఆ దేశమువారు 1989లో ప్రారంభించిరి. నాడు అట్టివారు నూటికి పదుగురైన లేరు. 2016 నాటికి ఎనుబదేండ్లవారిలో సగముమందికి పైగా ఆ గమ్యమును చేరిరి. దంతములు రాలుట విధి కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మన శాస్త్రములు ఈ విషయమున మౌనము వహింపలేదు. చరకుడు దినమునకు రెండు మాఱులు దంతధావనము చేయుమని విధించి, నాలుకబద్దను గుఱించియు వేఱుగా చెప్పెను. సుశ్రుతుడు పుల్ల యొక్క పొడవును, లావును, రసమును నిర్ణయించి, చేదులలో వేప, వగరులలో చండ్ర శ్రేష్ఠములనెను. ఇదంతయు మీలో పెక్కుమంది వినినదే. వారు వినియుండని దొకటి కలదు. దుర్బలునకును, దగ్గు, ఆయాసము కలవానికిని, నోరు పుండ్లు పడినవానికిని, అర్దితవాతముచే ముఖము ప్రక్కకు పోయినవానికిని పంటిపుల్ల వలదని సుశ్రుతుడు నిషేధించెను. ఆ ఋషి దృష్టియందు ఆరోగ్యవంతుని నోరు వేఱు, బలహీనుని నోరు వేఱు. మనము అలవాటు చొప్పున తాతగారి చేతికి వేపపుల్ల యిచ్చి మన పని ముగిసినదనుకొనుట శాస్త్రసమ్మతము కాదు.

వ్రతదినములలో పంటిపుల్ల నిషిద్ధమని చెప్పి నోటిని విడిచిపెట్టు ముత్తైదువలును, పెద్దలును కలరు. ఆ నిషేధమును చెప్పిన ధర్మశాస్త్రమే, అట్టి తిథులలో పండ్రెండు పుక్కిళ్ల నీటితో నోరు శుద్ధి చేసికొనవలెనని కూడ చెప్పినది. పుల్లకు సెలవు కలదు గాని శుద్ధికి సెలవు లేదు. కావున ఏకాదశినాడు ముసలితల్లి నోరు తడిగుడ్డతో తుడిచినచో ధర్మహాని యగునని యెవరును భయపడ నక్కఱలేదు.

ఇక మన యిండ్లలో ఎవరును పైకి చెప్పని యడ్డంకి యొకటి కలదు. అది ఎంగిలి. పరుల నోటిలో చేయి పెట్టుట యనగా మన యాచారమున రోతయైన విషయము. మలమూత్రముల సేవకు వెనుదీయని కోడండ్రు కూడ నోటిసేవకు వెనుదీయుదురు. పెద్దలును కోడలిచేత నోరు కడిగించుకొనుటకు సిగ్గుపడుదురు. మేము ఆచారమును పరిహసించువారము కాము. కాని యొక సంగతి మనవి చేయుదుము. మనము పసివారమై యుండగా మన నోటిలో వ్రేలు పెట్టి తుడిచిన తల్లికి ఎంగిలి యడ్డురాలేదు. మనము కొఱికి విడిచిన ముద్దను ఆమె తినెను. ఆ ఋణమును తీర్చుటకు భగవంతు డిచ్చిన యవకాశమును మనము ఆచారము పేర పోగొట్టుకొనరాదు. చేతులు కడుగుకొనుటకు సబ్బును, తొడుగుకొనుటకు రబ్బరు చేతితొడుగులును అంగడిలో దొరకుచునే యున్నవి.

ఈ సేవ కోడండ్రదే యని భావింపరాదు. ఇది మొదట కుమారుల విధి. మా గృహిణి అప్పటికే పది పనులతో అలసియుండగా, పదవీ విరమణ చేసి పత్రిక చదువుకొనుచు కూర్చున్న మేమే ఆ పనిని పూనుకొంటిమి. మొదటివారము మా చేయి వణకెను. తల్లిగారు సిగ్గుపడి కన్నులు మూసికొనిరి. మూడవవారము నాటికి మా రాక ఆలస్యమైనచో వారే నోరు తెఱచి చూపి సైగ చేయసాగిరి.

పని విధానమును చెప్పెదము. వృద్ధులను కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంచవలెను. వెల్లకిల పరుండియున్నప్పుడు నోటిలో నీరు పోయరాదు. కూర్చుండలేనివారిని ప్రక్కకు ఒత్తిగిల్లజేయవలెను. మెత్తని చిన్న బ్రష్షుపై శనగగింజంత ఫ్లోరైడు టూత్‌పేస్టు నుంచి, పంటికిని చిగురుకును నడుమ మెల్లగా తోమవలెను. బ్రష్షు పట్టుకొనగలవారిని తామే తోముకొననిచ్చి, కడపట మనము సరిచూడవలెను. పట్టు తప్పువారికి బ్రష్షు కాడకు గుడ్డ చుట్టి లావు చేసినచో పట్టు కుదురును. పండ్లు లేనివారికైనను తడిపిన పరిశుభ్రమైన మెత్తని గుడ్డతో చిగుళ్లను, నాలుకను, బుగ్గల లోపలి భాగమును తుడువవలెను. మ్రింగునప్పుడు పొలమాఱువారిచేత పుక్కిలింపజేయరాదు. నూనె పుక్కిళ్లును వారికి ప్రమాదమే. దినమునకు రెండుమాఱులు, ఒకటే సాధ్యమైనచో రాత్రి నిద్రకు ముందు. ఏలయన రాత్రి లాలాజలము తగ్గును. పెదవులు పగిలినచో వెన్నవంటి లేపనము నించుక పూయవచ్చును. మాటిమాటికి గుక్కెడు మంచినీ రిచ్చుట నోరెండుటకు మొదటి మందు.

కట్టుడుపండ్లను రాత్రి తప్పక తీసి, బ్రష్షుతోను సబ్బుతోను తోమి, మంచినీట నుంచవలెను. మరుగునీట వేసినచో వంగిపోవును. వదులైనవాటిని దారముతో కట్టియు, అంటుపదార్థములు నింపియు వాడరాదు, వైద్యునిచేత సరిచేయించవలెను.

ఫ్లోరైడు అన్నంతనే నల్లగొండ, ప్రకాశము జిల్లాలవారు ఉలికిపడుదురు. ఆ భయము నిర్హేతుకము కాదు. నాటి నెల్లూరు జిల్లాలో 1937లో వైద్యులు గుర్తించి ప్రకటించిన ఆ జాడ్యము ఎందఱి పండ్లను గారబట్టించి, ఎందఱి వెన్నులను వంచినదో మనమెఱుగుదుము. కాని త్రాగునీటితో ఏండ్ల తరబడి కడుపులోనికి పోవునది యొకటి. శనగగింజంత పైపూతగా వాడి యుమ్మివేయునది వేఱొకటి. ఉమ్మివేయలేనివారికి ఎంత వాడవలెనో వైద్యుని యడిగి తెలిసికొనవలెను.

వారమున కొకమాఱు దీపము పెట్టి నోటిలోనికి చూడవలెను. నొప్పిని చెప్పలేనివారు వేఱు భాషలో చెప్పుదురు. ఇష్టమైన పదార్థమును వలదనుట, ముద్దను బుగ్గన బెట్టుకొని మ్రింగకుండుట, ఒకవైపే నములుట, ముఖము తుడువబోయిన కసరుట, కట్టుడుపండ్లను తీసి దాచుట, రాత్రి నిద్ర లేకుండుట, ఇవన్నియు ఆ భాషయందలి పదములు. మేము భాషాధ్యాపకులమై యుండియు మా తల్లి భాషను చదువలేకపోతిమి. రెండు వారములకు మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ కనబడినచో తడవు చేయక చూపవలెను. పొగాకు నమిలినవారి విషయమునను, చుట్ట కాల్చినవారి విషయమునను, ముఖ్యముగా శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో నిప్పుకొనను నోటిలోనుంచుకొని అడ్డపొగ త్రాగిన వృద్ధస్త్రీల విషయమునను ఇది మిక్కిలి యవసరము.

దంతవైద్యుని యొద్దకు పోవుట యెట్లని యడుగుదురు. నిజమే. పట్టణమున దంతవైద్యశాలలు పెక్కు మేడమెట్ల పైననే యున్నవి. మెట్లెక్కగలవారికే అచ్చటి కుర్చీ. కాని కుర్చీ లేకయే చేయదగిన పనులు కొన్ని కలవు. పుచ్చును చేతి పనిముట్లతో తీసి సిమెంటు నింపు పద్ధతి కలదు. వెండితో గూడిన ఫ్లోరైడు ద్రావకమును పుచ్చుపై పూసినచో, గాటు లేకయే అది చాలవఱకు నిలిచిపోవును. ఆ చోటు నల్లబడును గాని నొప్పి యుండదు. దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధముల పట్టికలో చేర్చినది. ఈ పనులను ఇంటిలో కుర్చీమీదనే చేయవచ్చును. వైద్యుడు వచ్చినప్పుడు వాడుచున్న మందుల పేరులన్నియు వ్రాసి చూపవలెను. రక్తము పలుచన చేయు మందును స్వబుద్ధితో ఆపరాదు. ఎముకల బలమునకు సూదులు గాని మాత్రలు గాని వాడుచున్నచో పన్ను తీయుటకు ముందే చెప్పవలెను. ఏలయన అట్టివారికి దవడయెముక మానకపోవు ప్రమాదము కలదు. గుండెకవాటము మార్పించుకొన్నవారి సంగతియు ముందే తెలుపవలెను.

ప్రభుత్వమువారు వృద్ధుల ఆరోగ్యమునకై 2010–11లో నొక జాతీయ కార్యక్రమమును, పిదప దంతారోగ్యమునకై వేఱొకదానిని ప్రారంభించిరి. హైదరాబాదు, విజయవాడ, కడప పట్టణములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. అవి వచ్చి మన వాకిట నిలుచునని కాచుకొనరాదు. మంచమునుండి లేవలేనివారిని వారెట్లు ఎఱుగుదురు? ఎఱుగవలసినవారము మనము. మన సంఘమునకు ప్రతి తాలూకాయందును శాఖలు కలవు. ఏ యింట వరుడున్నాడో, ఏ యింట వధువున్నదో మన శాఖాకార్యదర్శులు కన్నులు మూసికొని చెప్పగలరు. ఏ యింట మంచము పట్టిన పెద్దలున్నారో చెప్పగలరా?

కావున ఈ మహాసభ యెదుట మూడు ప్రార్థనల నుంచుచున్నాము. మొదటిది: ప్రతి శాఖయు తన పరిధిలో ఇల్లు కదలలేని వృద్ధుల పట్టిక నొకదానిని సిద్ధపరుపవలెను. పిల్లలు లేనివారిని, వితంతువులను, పేదలను ఆ పట్టికలో ముందు చేర్చవలెను. రెండవది: మన కులమున దంతవైద్యులైన యువకులును యువతులును కలరు. వారిలో సమ్మతించినవారు మాసమున కొక్క దినము ఈ పట్టికలోని యిండ్లకు పోవునట్లు ఏర్పాటు చేసి, ప్రయాణమునకును మందులకును అగు వ్యయమును సంఘము భరింపవలెను. సన్మానముల శాలువలకు అగు వ్యయములో సగమైనను ఇందులకు చాలునని మా యంచనా. వైద్యుడు పోయిన యింటి ప్రక్కయింట వేఱుకులమువారి వృద్ధు డున్నచో అతనినిగూడ చూడవలెను; పంటినొప్పికి గోత్రము లేదు. మూడవది: ప్రతి శాఖయందును ఏటికొకమాఱు, ఇంట సేవచేయు కుమారులకు, కోడండ్రకు, జీతమునకు కుదిరిన ఆయాలకు నోరు శుభ్రము చేయు విధానమును చేసిచూపి నేర్పింపవలెను. దీనికి ఒక పూటయే చాలును.

విదేశములలోను, దూరనగరములలోను నున్న మన బిడ్డలకు ఒక మాట. మీరు ఆదివారమునాడు దృశ్యఫోనులో "అమ్మా, భోంచేశావా?" అని యడుగుచున్నారు. అది మంచి ప్రశ్నయే. తిన్నానని ఆమె చెప్పును; తినకపోయినను అట్లే చెప్పును. ఇకమీదట ఆయాను పిలిచి, "నిన్న రాత్రి అమ్మ నోరు ఎవరు కడిగారు?" అని యడుగుడు. ఫోను దీపముతోనే ఆ నోటిని ఒక్కమాఱు చూపుమనుడు. మీరు పంపు ధనముకంటె ఈ ప్రశ్న ఎక్కువ కాపాడును.

సభ్యులారా! మేము వైద్యులము కాము. మా తప్పును మీ యెదుట చెప్పుకొని, అది మీ యిండ్లలో జరుగకుండవలెనని కోరువారము. ఎనిమిది మాసములు మా తల్లి యాకలిని మేము వైరాగ్య మని పిలిచితిమి. ఆ శబ్దము ఎంత సుందరమైనదో, మా నోట అది అంత యసత్యమైనది. ఈ మధ్యాహ్నము సభాభోజనము ముగించుకొని మీరు ఇండ్లకు పోయినపుడు, చేతులు కడుగుకొని, దీపము తీసికొని, మీ పెద్దల ప్రక్కన కూర్చుండి "ఒక్కమాఱు నోరు తెఱవుము" అని యడుగుడు. అంతకుమించి మేము కోరునది లేదు.

మన గృహములయందలి పెద్దలు బాధలేక భుజించి, స్పష్టముగా పలికి, మనలను ఆశీర్వదింతురు గాక యని కోరుచు విరమించుచున్నాము.

స్వస్తి.